తెలియమి దోషమగునా?

ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని మన పెద్దలు చెప్పిన మాట అందఱు నెఱిగినదే. ఇల్లు అమ్మి చూడుమని మాత్రము వారు చెప్పలేదు. ఆ కాలమున గృహవిక్రయము దురదృష్టమునకు గుర్తేకాని నిత్యవ్యవహారము కాదు. ఇప్పుడట్లు గాదు. బిడ్డలు హైదరాబాదునందో, సముద్రములకు ఆవలనో స్థిరపడగా, తల్లిదండ్రులు కట్టించిన యిండ్లు కొన్నేండ్లు తాళములతో నిలిచి తుదకు విక్రయమునకు వచ్చుచున్నవి. కావున ఈ కాలపు గృహస్థునకు ఒక క్రొత్త ధర్మసందేహము కలుగుచున్నది. అమ్మదలచిన యింటిని బేరమునకు పెట్టుటకు ముందు తెలిసినవారిచేత పరీక్ష చేయించుట మన విధియా, కాదా? చూచుట కిది చిన్న సంగతివలె నుండును గాని, లోతునకు పోయినకొలది ఇందు సత్యమునుగూర్చిన పెద్ద ప్రశ్నయే యిమిడియున్నదని మాకు తోచినది.

ఈ ప్రశ్న మాకు పుస్తకములవలన కలిగినది కాదు. కొంతకాలము క్రిందట మేమును మా సోదరులును కలిసి, గోదావరి డెల్టాలోని మా తండ్రిగారినాటి పెంకుటింటిని, దాని వెనుక తరువాత వేసిన రెండు స్లాబుగదులతో కూడ అమ్మదలచితిమి. బేరమునకు పెట్టకముందే ఒక యింజనీరును పిలిపించి చూపింతమని మేమనగా, ఇట్టి వ్యవహారములు పెక్కు నడపిన యొక పెద్దమనిషి మమ్ము వారించెను. ఆయన మా కుటుంబమునకు హితుడు; ధర్మమెఱుగనివాడును కాడు. ఆయన చెప్పిన మాట యిది: “చూపిస్తే తెలుస్తుంది. తెలిస్తే చెప్పాల్సివస్తుంది. తెలియకుండా ఉంటే అబద్ధమాడే పనే లేదు గదా. ఊరుకోండి బాబూ.”

ఈ మాటలో మమ్మాశ్చర్యపఱచినది దాని కపటము కాదు, దానిలోని ధర్మభీతి. తెలిసి దాచుట తప్పని ఆయన యొప్పుకొనుచునే యున్నాడు. ఆ తప్పు చేయకుండుటకే తెలిసికొనవలదనుచున్నాడు. అబద్ధమాడుటకు జంకువాడు మాత్రమే యిట్టి యుపాయము వెదకును. కనుకనే యిది విచారింపదగిన మాట. దొంగ చెప్పిన మాటయైనచో తృణీకరింపవచ్చును. మంచివాడు చెప్పిన మాటను అంత సులభముగా త్రోసివేయరాదు.

మొదట న్యాయశాస్త్రమేమనుచున్నదో చూతము. మన దేశమున 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టములోని 55వ సెక్షను, వేఱు ఒడంబడిక లేనిచోట, స్థిరాస్తిని అమ్మువాని విధులను చెప్పుచు మొట్టమొదట ఈ విధిని నిలిపినది: ఆస్తియందుగాని, దానిపై తనకుగల హక్కునందుగాని ముఖ్యమైన లోపమేదేని యుండి, అది తనకు తెలిసి, కొనువానికి తెలియక, కొనువాడు సామాన్యమైన జాగ్రత్తతో చూచినను కనిపట్టజాలనిదైనచో, అమ్మువాడు దానిని చెప్పి తీరవలెను. చెప్పకుండుట మోసమేయని అదే సెక్షను తుదిని స్పష్టపఱచినది. ఒక శతాబ్దమునకు మించి యీ నియమము మన పుస్తకములలో నున్నను, ఇండ్లమ్మువారిలో దీనిని విన్నవారెందఱు? వినినవారును దీనిని హక్కుపత్రముల విషయమునకే పరిమితమనుకొందురు. గోడకును దూలమునకును కూడ ఇది వర్తించునని యెవరును తలపరు.

అయితే మా హితుని యుపాయము కూడ ఈ నియమములోనుండియే పుట్టినదని గ్రహింపవలెను. “అమ్మువానికి తెలిసిన” లోపమును చెప్పవలెనని చట్టము. తెలియని లోపమును చెప్పుమని యెవరును శాసింపజాలరు గదా. కావున తెలియమి యొక కోటవలె నిలుచుచున్నది. ఆ కోటలో చేరినవానిని చట్టము పట్టజాలదు. పట్టజాలదు గనుక వాడు నిర్దోషియా? మన ప్రశ్నయంతయు నిచ్చటనే యున్నది.

ఇల్లమ్మువాడు లోపములను చెప్పవలెనా యను తగవు రెండువేల యేండ్ల పైబడినది. రోమకదేశపు సిసెరో క్రీస్తునకు పూర్వము 44వ సంవత్సరమున తన కుమారుని కొఱకు వ్రాసిన ధర్మగ్రంథములో ఈ విషయమును గూర్చి గ్రీకు తత్త్వవేత్తలిద్దఱి వాదమును నిలిపినాడు. ఒక మంచివాడు ఇల్లమ్ముచున్నాడు. అది రోగములకు పుట్టినిల్లు; లోకులు ఆరోగ్యకరమనుకొనుచున్నారు. గదులన్నింటను పాములు కనబడును. కలప చెడిపోయి పడనున్నది. ఇదంతయు ఇంటివానికి తప్ప వేఱొకనికి తెలియదు. చెప్పకుండ అమ్మవచ్చునా? బాబిలోనువాడగు డయోజనీసు, అతనిని కొనుమని యెవరు బలవంతపెట్టిరి, తన సరకులోని లోపములను తానే చాటువాడు అమ్మువాడెట్లగునని యనెను. ఆయన శిష్యుడగు ఆంటిపేటరు, దారితప్పినవానికి దారి చూపకుండుటయే ఏథెన్సు నగరమున శాపమునకు పాత్రమైన పనికాగా, ఎఱిగియెఱిగి యొకనిని తప్పుదారి పట్టించుట అంతకంటె నెక్కువ పాపము కాదాయనెను. సిసెరో శిష్యుని పక్షమే వహించినాడు. ఊరకుండుట యెల్లప్పుడును దాచుట కాదు. కాని నీకు తెలిసినది తెలిసికొనుటవలన లాభపడువాడు తెలిసికొనరాదని, నీ లాభము కొఱకు నీవు కోరినచో, అది దాచుటయే యని ఆయన నిర్ణయము.

అదే గ్రంథమున నొక వ్యాజ్యెము కలదు. సెంటుమాలసనునతని యిల్లు రోమునగరపు కొండమీద మిక్కిలి యెత్తుగా నుండి, శకునములు చూచు అధికారుల చూపునకు అడ్డము వచ్చుచుండెను. వారు పైభాగమును పడగొట్టుమని యాజ్ఞాపించిరి. ఆతడు పడగొట్టుటకు మాఱుగా ఇంటిని అమ్మకమునకు పెట్టెను. కొన్నవానికిని అధికారులు అదే యాజ్ఞ యిచ్చిరి. వాడు పడగొట్టెను, తరువాత అమ్మినవానికి ముందే సంగతి తెలియునని విని వ్యాజ్యెమాడెను. తీర్పరియైన కేటో, తెలిసియు చెప్పనివాడు కొనినవాని నష్టమును పూరింపవలెనని తీర్పు చెప్పెను. శకునములమీద మనకు నమ్మకము లేకపోవచ్చును. ఆ తీర్పు మాత్రము నేటికిని నిలువదగినది.

మన ధర్మశాస్త్రములును ఈ విషయమున మూగవి కావు. వేఱొక వస్తువుతో కల్తీయైనదానిని, సారము లేనిదానిని, కొలత తగ్గినదానిని, మఱుగుపఱచినదానిని అమ్మరాదని మనువు. కొనువాడు ముందు తానే వస్తువుయొక్క గుణదోషములను పరీక్షింపవలెనని నారదుడు. యాజ్ఞవల్క్యుడు పరీక్షకు గడువులను కూడ నిర్ణయించినాడు: విత్తనములకు పది దినములు, ఇనుమునకు ఒక దినము, బరువుమోయు పశువులకు ఐదు, రత్నములకు ఏడు, పాడిపశువునకు మూడు. ఆ పట్టికలో ఇల్లు లేదు. ఉండియున్నచో గడువెంత పెట్టియుండునో! ఆవు పాలిచ్చునో లేదో మూడు దినములలో తేలును. విత్తు మొలచునో లేదో పది దినములలో తేలును. ఇంటిగుట్టు తెలియుటకు ఒక వానకాలమును ఒక వేసవియు గడవవలెను. కొనువాడు పగటిపూట ఒక గంట తిరిగి చూచి పోవును. ఆ గంటకును, అమ్మువాడు కాపురమున్న ముప్పది యేండ్లకును గల యంతరమే అమ్మువాని బాధ్యతకు మూలము. ఇరువురి కన్నులు సమానముగా చూడగల చోట ఎవరి జాగ్రత్త వారిదే. ఒకని కన్నునకు అందనిచోట రెండవవాడు నోరు తెఱవవలెను.

ఇంతవరకు తెలిసి దాచుటను గూర్చిన మాట. ఇక తెలిసికొనకుండుటను గూర్చి విచారింతము. ఇంగ్లీషు గణితవేత్త క్లిఫర్డు 1877లో ప్రకటించిన యొక వ్యాసమున నొక ఓడ యజమానుని కథ చెప్పినాడు. ఓడ పాతది, పనితనము మొదటినుండియు గొప్పది కాదు, మరమ్మతు చేయింపవలెనేమోయను సందేహము యజమానునకు కలిగెను. చూపించినచో ఖర్చగును. అతడు తన మనస్సుతో, ఇది యెన్నియో ప్రయాణములు క్షేమముగా చేసినది గదా, దేశాంతరము పోవు ఈ బీదకుటుంబములను దైవమే కాపాడునని చెప్పుకొని, మెల్లమెల్లగా సందేహమును చంపుకొని, ఓడ గట్టిదని నిజముగనే నమ్మెను. ఓడ నడిసముద్రమున మునిగెను. వాని నమ్మకము నిష్కపటమే. కాని అట్లు నమ్ముటకు వానికి అధికారము లేదని క్లిఫర్డు తీర్పు. ఓడ మునుగక క్షేమముగా చేరినను వాని దోషము రవ్వంతయు తగ్గదని కూడ ఆయన చెప్పినాడు.

ఇందువలన మనకు తేలినదేమి? తెలియమి యొకటి కాదు. మూడు విధములుగా నున్నది. తలపునకే రాక తెలియకుండుట మొదటిది. గోడలో ఇటుకనడుమ ఏమున్నదో ఇంటివానికి తెలియదు. తెలిసికొనవలెనను కారణమును లేదు. ఇందు దోషము లేదు. అశ్రద్ధవలన తెలియకుండుట రెండవది. ఇంటిలో నుండియు పైకప్పు వంక తలయెత్తి చూడనివాడు ఇట్టివాడు. ఇందు కొంత దోషము కలదు. అయినను అది సోమరితనపు దోషము. తెలిసినచో చెప్పవలసివచ్చునని తెలిసికొనకుండుట మూడవది. దీనిని తెలియమియనుటయే భాషకు అపచారము. తెలిసికొనుటకు భయపడువాడు సగము తెలిసికొనినవాడే. గదిలో పామున్నదని అనుమానము లేనివాడు దీపము పట్టుకొని పోవుటకు జంకడు. దీపము వలదనువాడు పామును చూచియుండకపోవచ్చును గాని, దాని యలికిడి వినియున్నాడు.

కావున మా హితునకు మేమీయవలసిన ప్రత్యుత్తర మిది: మీరు అబద్ధమును నోటినుండి తొలగించి కన్నులలో పెట్టినారు. అది చోటు మాఱినదేకాని పోలేదు.

ఈ సిద్ధాంతమునకు ఆక్షేపణలు లేకపోలేదు. పరీక్షకు ధనము కావలెను గదా, బీదవితంతువు తన రెండు గదుల యిల్లమ్ముకొనునప్పుడు ఇంజనీరు నెక్కడ తెచ్చునని యొకరడుగవచ్చును. ఇది న్యాయమైన ప్రశ్నయే. విధి శక్తినిబట్టియు సందేహమునుబట్టియు నుండును. సందేహము కలిగినచోట విచారించుట విధి. సందేహము లేనిచోట శోధించుట మెచ్చదగిన పని, అంతే. ఆ వితంతువు తన కన్ను చూచినదానిని, తన మనస్సు శంకించినదానిని చెప్పినచో చాలును. “ఈ మూల వానకు తడియును, కారణము నాకు తెలియదు” అనుటకు ఇంజనీరక్కఱలేదు. లక్షలకు బేరము చేయు గృహస్థునకు మాత్రము ధనము లేదను సాకు చెల్లదు. అమ్మకమునకు ముందు రంగులు వేయించుటకు ధనమున్నవానికి చూపించుటకు లేకపోవునా?

రంగుల మాట వచ్చినది గాన దానిని గూర్చి కొంత చెప్పవలెను. ఇల్లు వెల్లవేసి శుభ్రముగా చూపించుట తప్పు కాదు. పెండ్లిచూపులకు పిల్ల తల దువ్వుకొని రావచ్చును. కాని గోడలో పెరుగుచున్న పగులును లప్పముతో పూడ్చి, పైన రంగు వేసి, కొనువాని కంటికి కనబడకుండ చేయుట వేఱు. చట్టము కొనువానిని సామాన్యమైన జాగ్రత్తతో చూడుమనుచున్నది. ఆ జాగ్రత్త పనిచేయకుండ మనమే అడ్డుగోడ కట్టుచున్నాము. నోరు కదపకుండ చేతితో చెప్పిన అబద్ధమది. ఒకే బుఱుసు ఒకచోట అలంకారమును మఱియొకచోట మోసమును చేయును. ఏది యేదో వేసినవానికి లోలోపల తెలియును.

వేయి అబద్ధములాడి ఒక పెండ్లి చేయుమనిరి గదా, ఇంటి సంగతియు నంతేయని మఱియొకరు నవ్వుచు చెప్పుదురు. ఈ సామెత మన గృహములకు చేసిన చెఱుపు ఇంతింత యని చెప్పరాదు. వరుని రోగమును దాచి చేసిన పెండ్లిండ్లవలన ఎందఱు బాలికలు బ్రతుకులు పోగొట్టుకొనిరో సంస్కర్తలు ఎన్నియో మాఱులు చెప్పియున్నారు. ఆ సామెతను ఇప్పుడు ఇండ్లకు కూడ విస్తరింపజేయుట మన ప్రతిభకు తార్కాణమా?

మఱియొక విచిత్రము. మనవారు ఇల్లు కొనునప్పుడు పరీక్షలు చేయింపరని కాదు. రిజిస్ట్రేషను కచేరీనుండి ఈసీ తెప్పింతురు, లింకు దస్తావేజులను వకీలుచేత చదివింతురు, ఇది చేయవలసినదే. తరువాత వాస్తుపండితుని పిలుతురు. ఆయన టేపు పట్టి ఈశాన్యమును కొలిచి, వీథిపోటును చూచి, వంటిల్లు ఆగ్నేయమున నున్నదని సంతోషించి పోవును. ఆ ఆగ్నేయపు వంటింటి దూలమును చెదలు తినివేసిన సంగతి ఆయనకును పట్టదు, పిలిచినవారికిని పట్టదు. ఎనిమిది దిక్కులను చూచినవాడు తొమ్మిదవదియైన పైకప్పును చూడడు. అమ్మువాడును అంతే, వాస్తుదోషమున్నదని యెవరైన అందురేమోయని గుమ్మము మార్పించును గాని, తుప్పుపట్టిన ఊచలను తాకడు. నమ్మకములను గూర్చి ఎవరితోను మేమిచ్చట తగవాడము. కంటికి కనబడు ప్రమాదమును విడిచి కనబడనిదానికి ధనము వ్యయపెట్టుట వివేకము కాదని మాత్రము చెప్పుదుము.

ఇట్టి పరీక్షను కొన్ని దేశములు చట్టముతో ముడిపెట్టినవి. స్కాట్లండునందు 2008 డిసెంబరు 1వ తేదీనుండి, క్రొత్తగా కట్టినవి మొదలగు కొన్నింటిని మినహాయించి, ఇల్లు అమ్మకమునకు పెట్టువాడు తన ఖర్చుతో నిపుణునిచేత ఇంటిని చూపించి నివేదికను సిద్ధపఱుపవలెను. ఇంటి యొక్కొక్క భాగమునకు మరమ్మతు ఎంత త్వరగా కావలెనో ఒకటి, రెండు, మూడు అను అంకెలతో అందు చూపుదురు. ఇంగ్లండునందు 2007లో ఇట్టి పత్రముల కట్ట నొకదానిని నిర్బంధము చేసిరి గాని, అందు ఇంటి స్థితినిగూర్చిన నివేదికను మాత్రము అమ్మువాని యిష్టమునకు విడిచిరి. 2010లో ఆ పద్ధతియే నిలిచిపోయినది. గింజ తీసివేసి పొట్టును నిర్బంధించిన పద్ధతి నిలువకపోవుటలో వింత లేదు.

డెన్మార్కు పద్ధతి మిక్కిలి ఆలోచింపదగినది. 1996నుండి అచ్చట అమ్మువాడు నిపుణుని నివేదికను తెప్పించి, కొనువానికి బీమా ప్రతిపాదనను చూపించి, దాని రుసుములో సగము తానిచ్చుటకు ఒప్పుకొనినయెడల, తరువాత బయటపడు భౌతికలోపములకు అతడు సామాన్యముగా బాధ్యుడు కాడు. అనగా, చూపించినవానికి నిశ్చింత బహుమానముగా లభించును. మోసమో ఘోరమైన అశ్రద్ధయో చేసినవానికి మాత్రము ఆ రక్షణ లేదు. మా హితుని యుపాయము అచ్చట తలక్రిందులైనది: చూడకుండుటవలన కాక చూపించుటవలన మనుష్యుడు బాధ్యతనుండి విముక్తుడగుచున్నాడు. సత్యమును శిక్షించు చట్టముకంటె సత్యమునకు నీడనిచ్చు చట్టమే మేలు. మన దేశమున 2016వ సంవత్సరపు స్థిరాస్తి నియంత్రణ చట్టము, ఇండ్లు కట్టి అమ్ము సంస్థలు స్వాధీనమిచ్చిన యైదేండ్లలోపల తెలియజేసిన నిర్మాణలోపములను ముప్పది దినములలో ఉచితముగా సరిచేయవలెనన్నది. ఒక గృహస్థు తన పాతయింటిని మఱియొక గృహస్థునకు అమ్మునప్పుడు ఆ రక్షణ యందదు. అచ్చట కొనువానికి మిగిలినది అమ్మువాని మనస్సాక్షియే.

ఇక మా యింటి సంగతి. మేము ఇంజనీరును పిలిపించితిమి. ఆయన మాఘమాసమున వచ్చి ఒక పూట చూచెను. స్లాబుగదుల పైకప్పును చిన్న సుత్తితో తట్టుచు, డొల్లగా మ్రోగినచోట సుద్దతో గీత గీసెను. ఒకచోట పెచ్చు తొలగింపగా లోని ఊచ తుప్పుపట్టి ఉబ్బియుండెను. ఇనుము తుప్పుపట్టినచో మునుపటికంటె ఎక్కువ చోటు కోరును. ఆ ఒత్తిడికే సిమెంటు పగిలి రాలును. రాలినకొలది గాలియు చెమ్మయు లోనికి పోయి తుప్పు పెరుగును. పైన పూత పూసినంతమాత్రమున అది ఆగదు. పెంకుటింటిలో దూలము గోడలోనికి దూరు కొన యొకటి పైకి బాగుండియు, మేకుతో పొడువగా బెండువలె దిగినది, చెదలు. వంటింటిగోడపై ఇటుకల వరుసలవెంట మెట్లుమెట్లుగా పోవు పగులొకటి యుండెను. వెండ్రుకవంటి పగుళ్లు పైపూతలోనివి, వానికి భయపడవలదు. ఈ మెట్లపగులు పునాది కదలికను తెలుపునదని ఆయన చెప్పి, దానికి అడ్డముగా రెండు సన్నని గాజుముక్కలను సిమెంటుతో అతికించి పోయెను. మా ప్రాంతపు నల్లమన్ను వానకు ఉబ్బును, ఎండకు కుంచించును. వైశాఖమున ఒక గాజుముక్క పగిలెను. పగులు బ్రదికియున్నదని తెలిసినది.

ఇంజనీరు చెప్పని లోపమొకటి మా వదినగారు చెప్పిరి. పడమటింటి మూల వాన కురిసినప్పుడెల్ల పెంకులసందునుండి నీరు కారునట. “పదేళ్లనుంచీ అక్కడ గిన్నె పెడుతూనే ఉన్నాను. మీరెవరూ అడగలేదు గదా” అని ఆమె యనిరి. మేము సిగ్గుపడితిమి. ఇంటి హక్కుపత్రములు పురుషుల పెట్టెలలో నుండును. ఇంటి జ్ఞానము స్త్రీలయొద్ద నుండును. ఏ గోడ చెమ్మగిలునో, ఏ తలుపు వానకాలమున బిగియునో, ఏ స్విచ్చి ముట్టుకొన్న చేయి జిల్లుమనునో వారెఱిగినంత నిపుణుడును ఎఱుగడు. ఇల్లమ్మువాడు మొదట పిలువవలసినది ఇంజనీరును కాదు, ఇంటి యిల్లాలిని.

ఈ లోపములన్నింటిని ఒక కాగితముమీద వ్రాసి, ఇంజనీరు నివేదికతో జతచేసి, బేరమునకు వచ్చినవారికెల్ల చూపించితిమి. మొదట వచ్చినవాడు కాగితము చూచి మఱల రాలేదు. రెండవవాడు, ఉద్యోగము విరమించిన యొక ఉపాధ్యాయుడు, కాగితమును రెండుమాఱులు చదివి, తన మేస్త్రీని తెచ్చి చూపించుకొని, మరమ్మతుల ఖర్చును, దానిపైన మఱికొంతయు తగ్గించి అడిగెను. ఇచ్చితిమి. మా తమ్మునికి ఇది నచ్చలేదు. ఊరకుండినచో మొదటివాడే మేము కోరిన ధర యిచ్చియుండునని అతడు నేటికిని అనును. అతని మాట నిజమై యుండవచ్చును.

సత్యమువలన తుదకు లాభమే కలుగునని చెప్పి ఈ వ్యాసమును ముగించుట సులభము. నివేదికను చూచినవానికి భయము తగ్గి బేరము త్వరగా తెగుననుటయు, తరువాత వ్యాజ్యెములు రావనుటయు కొంతవఱకు నిజమే. కాని మేమట్లు చెప్పము. లాభము కొఱకే సత్యము చెప్పుమన్నచో, లాభము లేనిచోట మానుమని చెప్పినట్లే యగును. మాకు నష్టమే కలిగినది. అయితే ఆ నష్టమును సరిగా పేర్కొనవలెను. తగ్గిన ధనము మాది కాదు. లేని గట్టిదనమునకు వెలకట్టి ఆ యుపాధ్యాయుని పింఛనునుండి పుచ్చుకొనదలచిన ధనమది. మా చేతికి రాకముందే దానిని మాదనుకొంటిమి గాన, పోయినదనుకొంటిమి.

కొనువాడు పరీక్షింపవలదని మా యభిప్రాయము కాదు. అమ్మువాడు పిలిపించిన నిపుణుడు అమ్మువాని కూలి తినినవాడు. కొనువాడు తనవానిని తెచ్చుకొనుటయే వివేకము. అమ్మువాడును నివేదికను మొత్తముగా చూపవలెనే కాని, మెచ్చిన పుటను చూపి నొచ్చిన పుటను పెట్టెలో దాచరాదు. అట్లు చేయుట పరీక్ష చేయింపకుండుటకంటె హీనము. మధ్యవర్తికి కూడ లోపములను చెప్పి యుంచవలెను. లేనిచో మనము చెప్పని అబద్ధమును వాడు మన పక్షమున చెప్పును.

వానకాలము తరువాత ఆ యుపాధ్యాయునివద్దనుండి మాకొక కార్డు వచ్చినది. దూలము మార్పించితిననియు, పడమటింట పెంకులు తిప్పించితిననియు, వంటింటి పగులునకు క్రొత్త గాజు అతికించి చూచుచున్నాననియు వ్రాసి, తుదిని మా వదినగారికి నమస్కారములు చెప్పుమనెను. ఆ కార్డును మేము ఇంటి పాత దస్తావేజుల నకళ్లతోపాటు భద్రపఱచితిమి.